ఒంట్లో గొట్టం ఎన్నాళ్ళు?

ఆపరేషన్ చక్కగా జరిగింది. మూత్రపిండంలో రాయి తీశారు, లేదా ప్రోస్టేట్ గ్రంథికి చికిత్స చేశారు, లేదా విరిగిన తుంటి ఎముకను కట్టారు. ఇంటివాళ్ళంతా ‘గండం గడిచింది’ అనుకున్నారు. రోగిని ఇంటికి తీసుకొచ్చారు. వారం తిరక్కుండానే ఉన్నట్టుండి వణుకు! నాలుగు దుప్పట్లు కప్పినా ఆగని చలి. ఆ వెనకే 103 డిగ్రీల జ్వరం. ‘మలేరియా కాబోలు’ అంటారొకరు. ‘దిష్టి తగిలింది’ అంటారింకొకరు. మందుల షాపుకు పరుగెత్తి, క్రితంసారి ఎవరికో పనిచేసిన యాంటీబయాటిక్ బిళ్ళలు పట్టుకొస్తారు మరొకరు.

ఎవరికీ తట్టని సంగతి ఒకటి వుంది. మూత్రం పోవడానికి ఆస్పత్రిలో పెట్టిన గొట్టం ఇంకా అలాగే వుంది. జ్వరం వచ్చిన దారి అదే అయి వుండవచ్చు!

ప్రాణం నిలబెట్టడానికి శరీరంలో పెట్టే గొట్టాలు, సూదులు, పరికరాలు ఎలా క్రిములకు ఇళ్ళవుతాయో, ఆ క్రిములు మందులకు ఎందుకు లొంగవో, మీరేం చెయ్యాలో ఈ వారం తెలుసుకుందాం. మిగతా అంతా మరిచిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి: గొట్టం వేసిన రోజునే అది తీసే రోజు ఎప్పుడో అడగండి.

సీలేరు నుంచి చూస్తే...

ఆస్పత్రి వీధి చివర వున్నవారికి ఇది చిన్న విషయం. ‘పదో రోజున వచ్చి గొట్టం తీయించుకోండి’ అంటే ఆటో ఎక్కి వెళ్ళి వస్తారు. కాని సీలేరులో వున్నవారి మాటేమిటి?

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో, కొండల నడుమ, జలవిద్యుత్ కేంద్రంతో పేరుపడిన ఊరు సీలేరు. అక్కడివారికి ఆపరేషన్ అవసరమైతే ధారాలమ్మ ఘాట్ మీదుగా చింతపల్లి, అక్కణ్ణించి లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నం చేరాలి. పెద్ద ఆపరేషన్ అయితే విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రి దాకా ప్రయాణం. పోను ఒక రోజు, రాను ఒక రోజు. తోడు వెళ్ళేవారి కూలి పోతుంది. వానాకాలం కొండచరియ విరిగిపడితే బస్సే వుండదు. అంచేత ‘పదో రోజు’ కాస్తా ‘వచ్చే సంత తర్వాత’ అవుతుంది. అది కాస్తా నెల అవుతుంది. రోగికి బాగానే వుంది కదా, తొందరేమిటి అనిపిస్తుంది.

తొందర క్రిములకు వుంది! మూత్రపు గొట్టం పెట్టిన తర్వాత గడిచే ఒక్కొక్క రోజుకూ నూటికి 3 నుంచి 7గురి మూత్రంలో కొత్తగా క్రిములు చేరుతుంటాయి. నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ చేరుతాయి. అందరికీ జబ్బు చెయ్యదు. కాని జబ్బు చేసినవారికి అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

మన్యంలో ఇంకో చిక్కు వుంది. అక్కడ చలిజ్వరం అనగానే మలేరియా తలపుకు రావడం సహజం. మలేరియా పరీక్ష తప్పకుండా చేయించండి. కాని ఆ పరీక్ష చేసే ఆశా కార్యకర్తకో, నర్సుకో, డాక్టరుకో ‘ఈయన ఒంట్లో గొట్టం వుంది’ అన్న మాట మొట్టమొదట చెప్పండి. బట్టల కింద వున్న గొట్టం చెబితేనే తెలుస్తుంది.

రాతి మీద పాచి

క్రిములు అందరి ఒంటిమీదా, పేగుల్లోనూ వుంటాయి. చర్మం, లోపలి పొరలు వాటిని వాటి హద్దుల్లో వుంచుతాయి. గొట్టం పెట్టడమంటే ఆ గోడకు కన్నం చేసి తలుపు తెరిచి వుంచడమే. అవసరం కోసం తెరిచిన తలుపు అది. అవసరం తీరగానే మూసెయ్యాలి.

అయితే గొట్టంతో వచ్చే బాధ ఇంతటితో ఆగదు. సీలేరు ఏట్లో దిగినవారికి తెలుసు, నీళ్ళలో రాయి మీద కాలు పెడితే జర్రున జారుతుంది. ఆ రాయి మీద పట్టిన పాచి రాత్రింబవళ్ళు నీళ్ళు పారుతున్నా కొట్టుకుపోదు. గోకితే తప్ప వదలదు. ప్లాస్టిక్, రబ్బరు, లోహం – ఏది ఒంట్లో పెట్టినా దానిమీద క్రిములు సరిగ్గా ఇలాంటి పాచినే కట్టుకుంటాయి. ముందు నాలుగు క్రిములు అంటుకుంటాయి. అవి పిల్లలు పెట్టి, జిగురు స్రవించి, ఆ జిగురు కింద కాపురం పెడతాయి. దీనినే శాస్త్రజ్ఞులు ‘బయోఫిల్మ్’ అంటారు. పళ్ళమీద పట్టే గార కూడా ఈ జాతిదే. కెనడాలో పనిచేసిన కాస్టర్టన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1978లో క్రిములు ఇలా అంటుకుని బతికే తీరును వివరించిన తర్వాత వైద్యులకు దీని ప్రాముఖ్యం బోధపడసాగింది.

ఈ పాచిలో దాగిన క్రిములను చంపాలంటే, విడిగా తిరిగే అవే క్రిములకు సరిపోయే మోతాదు చాలదు. కొన్నిసార్లు వందల రెట్లు కావాలి. అంత మందు మనిషికి ఎక్కించలేం కదా! పాచి అడుగున వున్న క్రిములు మందకొడిగా, నిద్రలో వున్నట్టు పడివుంటాయి. పెరిగే క్రిములను చంపే మందులు నిద్రపోయే క్రిములను చంపలేవు. అందుకే మందు వాడినన్నాళ్ళూ జ్వరం తగ్గి, ఆపగానే మళ్ళీ వస్తుంది. రాయి అక్కడే వుండగా పాచి ఎలా పోతుంది?

లొంగనితనం మరొకటి

పాచిలో దాక్కోవడం ఒక ఎత్తు. క్రిమి తనంతట తాను మందును జయించడం మరో ఎత్తు. మందును ముక్కలు చేసే రసాయనాన్ని తయారు చేసుకునే క్రిములు కొన్ని. మందును లోపలికి రానివ్వనివి కొన్ని. వచ్చినదాన్ని బయటికి తోడిపోసేవి మరికొన్ని. ఈ విద్యను అవి ఒకదానికొకటి నేర్పుకుంటాయి కూడా. పాచిలో క్రిములన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని వుంటాయి కనుక అక్కడ ఈ ఇచ్చిపుచ్చుకోవడం మరీ సులువు.

ఈ సంగతి నిన్నమొన్నటిది కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మందుకు అలవాటుపడతాయని హెచ్చరించాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లోనే అక్కడ ఆరియోమైసిన్ వెలుగు చూసింది. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. ఎన్నో క్రిములమీద పనిచేసిన ఆ జాతి మందులకు తర్వాతి దశాబ్దాల్లో చాలా క్రిములు తట్టుకోవడం నేర్చుకున్నాయి. ఏ మందుకైనా ఇదే కథ.

2008లో స్వీడన్‌లో నివసించే భారత సంతతి రోగి ఒకరి మూత్రంలో క్లెబ్సియెల్లా అనే క్రిమి కనిపించింది. ఆ రోగి అంతకుముందు ఢిల్లీలో చికిత్స పొందాడు. చివరి అస్త్రాలుగా దాచుకునే కార్బపెనెమ్ జాతి మందులనే ఆ క్రిమి ఛేదించేసింది. దాని ఆయుధానికి శాస్త్రజ్ఞులు 2009లో ఎన్.డి.ఎమ్.-1 అని పేరుపెట్టారు. ఇప్పుడు ఇలాంటివి ప్రపంచమంతటా వున్నాయి. ఒక్క 2019లోనే మందులకు లొంగని క్రిముల వల్ల నేరుగా సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించారని 2022లో వెలువడిన అంతర్జాతీయ అంచనా.

ఆస్పత్రి బయటకూడా ఈ క్రిములు పెరుగుతాయి. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ వుంది! అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన క్రిమికి మన బిళ్ళలు ఒక లెక్కా?

మూత్రపు గొట్టం – ఇంటి జాగ్రత్తలు

అన్ని గొట్టాల్లోకీ ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది ఫోలీ కాథెటర్ అనే మూత్రపు గొట్టం. దాని కొసన చిన్న బుడగ వుంటుంది. మూత్రకోశంలోకి వెళ్ళాక ఆ బుడగను నీటితో నింపుతారు. గొట్టం జారిపోకుండా పట్టివుంచేది అదే. కనుక సూటిగా ఒక మాట: ఎంత బాధగా వున్నా గొట్టాన్ని మీరు లాగకండి. బుడగలో నీళ్ళు తీయకుండా లాగితే మూత్రమార్గం చీరుకుపోయి రక్తం కారుతుంది.

ఇంటిదగ్గర పాటించవలసినవి ఇవి.

మూత్రం సంచి ఎప్పుడూ మూత్రకోశం కంటే కిందనే వుండాలి. పైకి లేపితే సంచిలోని మూత్రం వెనక్కి పారి క్రిములను లోపలికి మోసుకుపోతుంది. చాప మీద పడుకునే ఇళ్ళలో ఇదే ముఖ్యమైన ఇబ్బంది. నేలమీద పడుకుంటే సంచి పెట్టడానికి అంతకంటే పల్లం ఎక్కడ వుంటుంది? అందుకని గొట్టం వున్నన్నాళ్ళూ రోగికి నులక మంచమో నవారు మంచమో వెయ్యండి. సంచిని మంచం పట్టెకు వేలాడదీయండి. అది నేలకు తగలకూడదు.

ప్రయాణానికి ముందు సంచి ఖాళీ చెయ్యండి. బస్సులో అయినా, డోలీలో మోస్తున్నా సంచిని రోగి పొట్టమీదో ఒళ్ళోనో పెట్టకండి. గొట్టం మెలికపడకుండా, తొడకు మెత్తగా అంటించి వుంచండి.

సంచి మూడింట రెండు వంతులు నిండేలోగా ఖాళీ చెయ్యాలి. ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సంచి కింది కుళాయి పాత్రకు తగలకూడదు. ఆ పాత్ర ఆ రోగికే కేటాయించాలి. గొట్టానికీ సంచికీ మధ్య అతుకును ఊరికే విప్పకండి. విప్పినప్పుడల్లా క్రిములకు పండగే.

రోజూ స్నానం చేసేటప్పుడు గొట్టం లోపలికి వెళ్ళేచోట సబ్బు, మంచినీళ్ళతో మృదువుగా కడిగితే చాలు. ఘాటైన మందునీళ్ళు అక్కర్లేదు. పసర్లు, పసుపు ముద్దలు, పొడులు అక్కడ పెట్టవద్దు. డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పినవారు తప్ప మిగిలినవారు మంచినీళ్ళు బాగా తాగాలి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి.

గొట్టం ఎక్కువకాలం అవసరమైనవారికి దాన్ని మారుస్తూ వుండాలి. మామూలు రబ్బరు రకం అయితే రెండు నుంచి నాలుగు వారాలకు, సిలికాన్ రకం అయితే పన్నెండు వారాల లోపల మార్చడం వాడుక. మీది ఏ రకమో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ముసలివారు పక్క తడుపుతున్నారనో, లేపి తీసుకెళ్ళేవారు లేరనో గొట్టం పెట్టించడం మంచిది కాదు. పట్నాల్లో ఈ అలవాటు కనిపిస్తోంది. దానికి బదులు పక్కన పాత్ర, పీల్చే డైపర్లు, మగవారికి పైన తొడిగే తొడుగు వంటి ఉపాయాలు వున్నాయి. మూత్రం ఆగిపోయేవారికి అవసరమైనప్పుడల్లా సన్నని గొట్టం పెట్టి తీసేసే పద్ధతి కూడా నేర్పుతారు.

కనిపించని గొట్టం

మూత్రపిండంలో రాయి తీసిన తర్వాత చాలామందికి లోపల ‘డి.జె. స్టెంట్’ అనే సన్నని గొట్టం వుంచుతారు. మూత్రపిండం నుంచి మూత్రకోశం దాకా వుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. సాధారణంగా కొన్ని వారాల్లో తీసెయ్యాలి. మామూలు రకాన్ని మూడు నెలలు దాటి వుంచకూడదు. కనిపించదు కనుక రోగి మరిచిపోతాడు. కొందరికైతే అది లోపల వున్నట్టే తెలియదు! ఏళ్ళ తరబడి వుండిపోతే దానిమీద రాళ్ళు పేరుకుంటాయి, క్రిములు చేరతాయి, ఒక్కోసారి మూత్రపిండమే దెబ్బతింటుంది. రాయి ఆపరేషన్ చేయించుకున్న ప్రతివారూ ‘నాకు లోపల స్టెంట్ పెట్టారా? ఏ తేదీన తీస్తారు?’ అని అడగాలి. ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాసుకోవాలి.

‘ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరు గారూ’

నీరసమంటే సెలైన్. జ్వరమంటే సెలైన్. పల్లెల్లోనూ, చిన్న పట్టణాల్లోనూ సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం జరిగినట్టు. నోటితో తాగగలిగిన మనిషికి సెలైన్ వల్ల వచ్చే అదనపు బలం ఏమీ లేదు. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, గంజి, మజ్జిగ ఆ పని చేస్తాయి. సిరలోకి పెట్టే ప్లాస్టిక్ సూది మాత్రం క్రిములకు నేరుగా రక్తంలోకి దారి. వాంతులు ఆగనప్పుడు, స్పృహ లేనప్పుడు, ప్రమాదస్థితిలో అది ప్రాణదాత. సరదాకు పెట్టించుకునేది కాదు.

సూది పెట్టినచోట ఎర్రబడినా, వాచినా, నొప్పెట్టినా, సిర తాడులా గట్టిపడినా వెంటనే చెప్పి తీయించుకోండి. మందు ఎక్కించడం పూర్తయినా ‘మళ్ళీ అవసరం పడుతుందేమో’ అని చేతికి సూదిని వుంచుకుని ఇంటికి రాకండి.

డయాలిసిస్ చేయించుకునేవారికి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో – కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో – మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో తెలుగువారందరికీ తెలుసు. పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ చేయించుకునే ప్రతి ఒక్కరికీ గొట్టం సంగతి నిత్యసమస్య.

అత్యవసరంగా మొదలుపెట్టినప్పుడు మెడ దగ్గరి పెద్ద సిరలో గొట్టం వేస్తారు. అది తాత్కాలికం. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ‘ఫిస్టులా’ మేలైన మార్గం. అందులో లోపల ప్లాస్టిక్ వుండదు కనుక రక్తంలోకి క్రిములు చేరే ప్రమాదం మెడ గొట్టంతో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. అయితే ఫిస్టులా తయారవడానికి వారాలు పడుతుంది. అంచేత డయాలిసిస్ తప్పదని డాక్టరు చెప్పగానే, మొదలుకాకముందే ఫిస్టులా వేయించుకోవడం తెలివి. ‘చెయ్యి కోయించుకోవడం ఎందుకు, మెడలో వుందిగా’ అని వాయిదా వెయ్యవద్దు. ఫిస్టులా వున్న చేతికి రక్తపోటు చూడనివ్వకండి, సూదులు పొడవనివ్వకండి. మెడ గొట్టం వున్నవారు కట్టు తడవనీయకూడదు. దాన్ని డయాలిసిస్‌కు తప్ప మరి దేనికీ వాడనివ్వకూడదు.

ఆస్పత్రిలో మీ పాత్ర

ఇంటెన్సివ్ కేర్ వార్డులో గుండె దగ్గరి పెద్ద సిరలో గొట్టం, గొంతులో వెంటిలేటర్ గొట్టం వుంటాయి. అక్కడ మనం చెయ్యగలిగింది ఏముందని అనుకోకండి.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో అయిదు పనులు క్రమం తప్పకుండా చేయించారు. చేతులు కడగడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చెయ్యడం, గొట్టం వేసేటప్పుడు రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డలతో కప్పడం, వీలైనంతవరకు గజ్జల్లో వెయ్యకపోవడం, అవసరం తీరగానే తీసెయ్యడం. ఇవే ఆ అయిదు. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. రక్తంలో క్రిములు చేరే కేసులు మూడింట రెండు వంతుల దాకా తగ్గిపోయాయని 2006లో ప్రచురించారు. కొత్త మందు సాధించలేనిది సబ్బు సాధించింది!

మీరు రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు శుభ్రం చేసుకోండి. నర్సమ్మ గారు మరిచిపోతే మర్యాదగా గుర్తుచెయ్యండి, తప్పులేదు. వెంటిలేటర్ మీద వున్నవారి తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి వుంచుతారు. దాన్ని మీరు దించకండి. రోజుకొకసారి డాక్టరు గారిని ‘ఈ గొట్టం ఇంకా అవసరమా అండీ?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న ఎన్నో ఇంజెక్షన్ల పెట్టు.

లోపలే వుండిపోయే పరికరాలు

కృత్రిమ మోకాలు, తుంటి, ఎముకకు వేసిన పలక, పేస్‌మేకర్, గుండె కవాటం – ఇవి తీసెయ్యడానికి పెట్టినవి కావు. వీటికి క్రిములు పట్టడం అరుదే. కాని పడితే వదలడం కష్టం. ఆపరేషన్ గాయం నుంచి రసి కారడం, మానిన గాయం మళ్ళీ తెరుచుకోవడం, తగ్గిన నొప్పి మళ్ళీ పెరగడం, పేస్‌మేకర్ వున్నచోట చర్మం ఎర్రబడి పలచబడడం, ఎడతెగని సన్నజ్వరం – ఇవి గుర్తులు.

ఇలా కనిపించినప్పుడు అందరూ చేసే పొరపాటు ఏమిటంటే పైన పౌడరు చల్లి, రెండు రకాల బిళ్ళలు మింగి కూర్చోవడం. దానివల్ల పైకి తగ్గినట్టుంటుంది, లోపల పాచి ముదురుతుంది. పైగా తర్వాత పరీక్షలో క్రిమి దొరకదు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే తొందరగా వెళ్ళండి. త్వరగా వెళితే కీలును తెరిచి కడిగి, పరికరాన్ని కాపాడే అవకాశం వుంటుంది. ఆలస్యమైతే దాన్ని తీసేసి, క్రిములు పోయాక మరొకటి పెట్టవలసి రావచ్చు. పేస్‌మేకర్‌కు క్రిములు పడితే సాధారణంగా పెట్టెతోపాటు తీగలు కూడా తియ్యవలసిందే.

చికిత్స ఎలా జరుగుతుంది?

మంచి చికిత్సకు మూడు మెట్లు. మొదటిది, క్రిమిని పట్టుకోవడం. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం, రక్తం, చీము – అవసరమైనది తీసి ‘కల్చర్’ పరీక్షకు పంపాలి. ఏ క్రిమి వుందో, ఏ మందుకు చస్తుందో అది చెబుతుంది. మూత్రపు సంచిలోంచి పట్టిన మూత్రం ఈ పరీక్షకు పనికిరాదు. గొట్టం పెట్టి రెండు వారాలు దాటితే, దాన్ని మార్చి కొత్త గొట్టంలోంచి పట్టాలి. రోగి ప్రమాదస్థితిలో వుంటే మాత్రం ఫలితం కోసం ఆగరు. నమూనా తీసి వెంటనే మందు మొదలుపెడతారు.

రెండోది, పాచి పట్టిన గొట్టాన్ని తీసెయ్యడమో, మార్చడమో. మూడోది, పరీక్ష చెప్పిన మందును చెప్పినన్ని రోజులు వాడడం. మూత్రపు గొట్టం వల్ల వచ్చిన జబ్బుకు త్వరగా గుణం కనిపిస్తే చాలామందికి ఏడు రోజులు సరిపోతుంది. మీ అంతట మీరు మధ్యలో ఆపకండి, మీ అంతట మీరు పొడిగించకండి.

అన్ని మందులకూ మొండికేసిన క్రిమికి కొలిస్టిన్ వంటి మందులు వాడవలసి వస్తుంది. అవి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఖర్చు సరేసరి. అక్కడిదాకా రానివ్వకుండా చూసుకోవడమే మన పని. బలమైన యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ‘షెడ్యూల్ హెచ్-1’ నిబంధన 2014 మార్చి నుంచి అమలులో వుంది. మందు అట్టమీద ఎర్రగీత కనిపిస్తే అది అడిగి కొనుక్కునే మందు కాదని అర్థం.

ఎప్పుడు ఆగకూడదు?

గొట్టం వున్నవారికి చలితో జ్వరం, పొత్తికడుపులోనో నడుములోనో నొప్పి, మూత్రం ఆగిపోవడం, ఎర్రగా రక్తం రావడం కనిపిస్తే అదే రోజు వైద్యానికి వెళ్ళాలి. మాట తడబడడం, మత్తు, ఆయాసం, ఒళ్ళు చల్లబడడం కనిపిస్తే గంటలు కూడా ఆగకూడదు. 108కి కబురు చెయ్యండి. ముసలివారికి జ్వరం లేకుండానే మనిషి అయోమయంగా మారడం మొదటి గుర్తు కావచ్చు.

సందేహాలు – సమాధానాలు

*ప్రశ్న: గొట్టం వుంది. మూత్రం మసకగా, వాసనగా వుంది. జ్వరం, నొప్పి లేవు. మందు వాడాలా?*

జవాబు: అక్కర్లేదు. గొట్టం ఎక్కువ రోజులు వుంటే మూత్రంలో క్రిములు కనిపించడం మామూలే. బాధ లేనప్పుడు వాటికి మందు వాడితే మెత్తనివి చచ్చి మొండివి మిగులుతాయి. గర్భవతులకూ, మూత్రమార్గంలో ఆపరేషన్ జరగబోయేవారికీ మాత్రం డాక్టరు వేరుగా సలహా ఇస్తారు.

*ప్రశ్న: ముందు జాగ్రత్తగా రోజుకొక యాంటీబయాటిక్ బిళ్ళ వేసుకుంటే మంచిదేగా?*

జవాబు: మంచిది కాదు. అది జబ్బును ఆపదు. మందుకు లొంగని క్రిములను పెంచి పోషిస్తుంది.

*ప్రశ్న: మూత్రపు గొట్టంతో స్నానం చెయ్యవచ్చా?*

జవాబు: చెంబుతో పోసుకోవచ్చు. ఏట్లో, చెరువులో, తొట్టిలో మునగకూడదు.

*ప్రశ్న: మొండి క్రిములున్న రోగి వల్ల ఇంట్లోవారికి ప్రమాదమా?*

జవాబు: ఆరోగ్యవంతులకు సాధారణంగా జబ్బు చెయ్యదు. వెలివేసినట్టు దూరం పెట్టకండి. సేవ చేసేవారు చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. మరోసారి ఆస్పత్రిలో చేరితే ‘ఇదివరకు ఇలాంటి క్రిమి దొరికింది’ అని పాత కల్చర్ కాగితం చూపించండి.

*ప్రశ్న: గొట్టం తనంతట జారిపోయింది. మళ్ళీ పెట్టుకోవచ్చా?*

జవాబు: వద్దు. జారిన గొట్టం తిరిగి లోపలికి వెళ్ళకూడదు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి.

కాగితం మీద నాలుగు ముక్కలు

ఆస్పత్రి గుమ్మం దాటే ముందు డిశ్చార్జి కాగితం మీద నాలుగు సంగతులు రాయించుకోండి. ఒంట్లో ఏ గొట్టం వుంది? ఏ తేదీన వేశారు? ఏ తేదీలోగా తియ్యాలి, లేక మార్చాలి? ఎక్కడ తీస్తారు? ఈ నాలుగో ప్రశ్న సీలేరు వంటి ఊళ్ళవారికి మరీ ముఖ్యం. మామూలు మూత్రపు గొట్టం తియ్యడానికి ప్రతిసారీ విశాఖ దాకా వెళ్ళనక్కర్లేదు. పెద్ద డాక్టరు అనుమతి రాసిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, చింతపల్లిలోనో శిక్షణ పొందిన సిబ్బంది తీయగలరు. డి.జె. స్టెంట్‌కు మాత్రం మూత్రవ్యాధుల నిపుణుడు వున్న ఆస్పత్రికే వెళ్ళాలి. దానికి ముందే డబ్బు, ప్రయాణం చూసుకోండి.

ఇంటికి చేరగానే ఆ కాగితం ఆశా కార్యకర్తకు చూపించి తేదీ చెప్పి వుంచండి. ఈ వారం పత్రిక మూసేముందు మీ ఇంట్లో, మీ పొరుగింట్లో ఎవరికైనా గొట్టమో స్టెంటో వుందేమో గుర్తుచేసుకోండి. వుంటే తీసే తేదీ ఎప్పుడో ఈ రోజే కనుక్కోండి.